కషాయము చాలునా?

1918వ సంవత్సరమున బొంబాయి రేవునుండి దేశమెల్ల వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా కోటిమందికి పైగా భారతీయులను బలిగొన్నది. ఫ్లూజ్వరమును వట్టి పడిసెమని ఉపేక్షించువారు ఆ యేటిని స్మరింతురుగాక!

శొంఠి, మిరియముల కషాయమును మేమును త్రాగుదుము. అది గొంతునకు హాయి నొసగునే కాని రోగక్రిమిని అడ్డజాలదు. స్వదేశీయమన్న అభిమానముతో దానికి లేని శక్తిని అంటగట్టుట దేశభక్తి కానేరదు. ధారాళమైన గాలి, సబ్బుతో చేతులు కడుగుకొనుట, తుమ్మునప్పుడు గుడ్డ అడ్డుపెట్టుకొనుట, జ్వరమున విశ్రాంతి: ఇవియే నిజమైన ప్రకృతిరక్షణములు.

కాని కిటికీలేని బడిలో బాలుడును, ఒక్కనాడు పని మానిన కూలి పోగొట్టుకొను శ్రామికుడును వీని నెట్లు పాటింపగలరు? కావున బడికి గాలి, రోగికి జీతముతో సెలవు, వృద్ధులకు ఏటేట ఉచితముగ టీకా సమకూర్చుట ప్రభుత్వధర్మమని మేము నొక్కి చెప్పుచున్నాము.