కుటుంబం కోసం కష్టపడ్డవాడి పొలం ఎవరిది?

గిద్దలూరు దగ్గరి ఒక పల్లెలో, ఒక ఇంటి గోడకు దండ వేసిన పటం ఉంది. పటం పక్కన మేకుకు ఆ పెద్దాయన పెద్దకర్మ కార్డు గుచ్చి ఉంచారు. కుటుంబం కోసం అహర్నిశలు శ్రమించిన త్యాగమూర్తి అని దాని మీద అచ్చు వేశారు. ఆయన భార్య పేరు కార్డు అడుగున, దుఃఖిస్తున్నవాళ్ల జాబితాలో ఉంది.

కార్డు మీది మాట అబద్ధం కాదు. అబద్ధమైతే మన పని తేలికయ్యేది. తాగుబోతు మొగుడి మీద, కొట్టే మొగుడి మీద మనం చాలా రాశాం, చాలా పోరాడాం. మంచివాడైన ఇంటి యజమాని గురించి మాట్లాడవలసి వచ్చేసరికి మన గొంతు తగ్గిపోతోంది.

ఆ మంచివాడి కష్టం చిన్నది కాదు. 1970లో కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలనూ, నెల్లూరు నుంచి కనిగిరి, పొదిలి ప్రాంతాలనూ తెచ్చి కొత్త జిల్లా చేశారు గాని నీళ్లు మాత్రం తేలేదు. వెలిగొండకు శంకుస్థాపన 1996లో జరిగింది. ఆ రాయి చూసిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని, బోర్లు వేసి, అవి ఎండిపోతే అప్పులతో వలస పోయారు. గుంటూరు వైపు మిరపకోతలకు, హైదరాబాదుకు, బెంగుళూరుకు బేల్దారి పనికి, సెంట్రింగ్ పనికి పోయారు. కట్టే మేడల కిందే రేకుల షెడ్లలో పడుకుని, చాలీచాలని తిండి తిని, మిగిల్చిందంతా ఇంటికి పంపిన మగవాళ్లను నేను ఎరుగుదును. వాళ్ల త్యాగాన్ని కించపరిచే హక్కు నాకు లేదు. నా పేచీ ఆ త్యాగంతో కాదు, అది యాజమాన్యంగా మారే తీరుతో.

ఆ పటం ఉన్న ఇంటి కోడలి సంగతి చెబుతాను. ఆమె మామ ఎప్పుడో బయటి పనులకు పోయినవాడు. భర్త బెంగుళూరులో సెంట్రింగ్ మేస్త్రి. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికీ తిరునాళ్లకీ వస్తాడు. మిగిలిన రోజులన్నీ ఇల్లూ పొలమూ ఆమెవే. కంది వేసింది, గేదెలను మేపింది, మంచం పట్టిన మామకు ఎత్తిపోసింది, పిల్లలను చదివించింది. డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని బోరు వేయించింది, పాలు పోసి ఆ అప్పు తీర్చింది. ఆయన పంపిన డబ్బుకు తన పాల డబ్బు కలిపి రెండెకరాలు కొన్నారు. పాసుపుస్తకం ఆయన పేరు మీద వచ్చింది. పంట అప్పు కోసం బ్యాంకుకు పోతే, 'పొలం ఎవరిదో వాళ్లను రమ్మను' అన్నారు.

తర్వాత ఆయన అందులో ఒక ఎకరం అమ్మాడు. తమ్ముడి అప్పు తీర్చడానికి. ఆమెకు ఆ సంగతి పక్కింటివాళ్ల ద్వారా తెలిసింది.

"ఆయన మంచోడేనమ్మా. ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు, తాగడు. కాకపోతే నన్ను అడగాలని ఆయనకు తోచలా" అంది.

తోచకపోవడం. పితృస్వామ్యానికి నేను చదివిన పుస్తకాల్లోని నిర్వచనాలన్నిటికంటే ఈ మాట దగ్గరగా ఉంది. దౌర్జన్యం లేదు, దురుద్దేశం లేదు. తన కష్టంతో కొన్నది తనది అనుకున్నాడు, అంతే. ఆ కష్టం సాగడానికి వెనక ఎవరు నిలబడ్డారో లెక్కలోకే రాలేదు.

లెక్కలు కూడా అలాగే నేర్పాయి. 2001 జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్ల, ఖైదీల సరసన పని చేయనివాళ్లుగా చేర్చడాన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టవలసి వచ్చింది. 2024 సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. గేదెల పని, పొలం పని అందులో కలవవు, వాటిది వేరే పద్దు. ఇక మిరపకోతలకు భర్తతో కలిసి వెళ్లి, సమానంగా కోసిన ఆడది 'తోడు వెళ్లింది'. కూలి ఆయన చేతికి వస్తుంది.

ఇది మన మెట్ట ఊళ్ల వింత కాదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ పల్లెల నుంచి పందొమ్మిదో శతాబ్దంలో మగవాళ్లు అమెరికా పోయారు. ఆ దేశాన్ని బంగారు కొండ అన్నారు. 1875లో, 1882లో అమెరికా చేసిన చట్టాల వల్ల చాలామంది భార్యలు అక్కడికి చేరలేకపోయారు. 1943 దాకా ఆ నిషేధం తొలగలేదు. బట్టలుతికి, హోటళ్లలో పనిచేసి డబ్బు పంపిన తాతల కథలు ఆ కుటుంబాల్లో గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసినవే. ఏళ్ల తరబడి మొగుడి ముఖం చూడకుండా అత్తమామలకు చాకిరీ చేసిన నాయనమ్మ ఆ కథల్లో 'ఎదురుచూసింది'. అక్కడ ఎదురుచూడటం, ఇక్కడ తోడు వెళ్లడం. ఆడదాని పనికి భాషలు మారినా క్రియాపదాలు ఇలాగే దొరుకుతాయి.

మరి చట్టం? 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా భర్త చనిపోతే పిల్లలతో పాటు భార్యకూ వాటా వస్తుంది. కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. భర్త బతికుండగా, ఇద్దరి శ్రమతో కొన్న పొలంలో భార్య వాటా ఎంత అని అడిగితే మాత్రం చట్టం నోరు మెదపదు. కన్నబిడ్డలకు సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి అని 1956లోనే రాసుకున్న మరో చట్టం ఉంది. తండ్రి అందుబాటులో లేనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలేనని చెప్పడానికి సుప్రీంకోర్టుకు 1999 దాకా పట్టింది.

ఈ మౌనాన్ని 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు కొంత కదిలించింది. 1980ల్లో సౌదీ అరేబియా వెళ్లి సంపాదించి పంపినవాడు, ఆ డబ్బుతో కొన్న ఆస్తులన్నీ తనవేనని భార్య మీద దావా వేశాడు. ఇల్లూ పిల్లలూ ఆమె చూసుకోబట్టే అతను సంపాదించగలిగాడనీ, అది కూడా ఆస్తి కొనడానికి ఇచ్చిన వాటానేననీ, ఆమెకు సమాన హక్కు ఉందనీ కోర్టు చెప్పింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు, నిజమే. కానీ అందులోని వాదన మన ఊళ్లకు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది.

ప్రభుత్వాలకు ఆడవాళ్ల పేర్లు తెలియక కాదు. 2020లో పల్లెల్లో ఇచ్చిన సెంటున్నర ఇళ్ల స్థలాల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. ఇచ్చిన సెంటున్నరకు ఆమె పేరు, చెమటోడ్చి కొన్న రెండెకరాలకు ఆయన పేరు!

మనం కూడా శుద్ధులం కాదు. నేను తయారుచేసిన సర్వే ఫారాల్లో మొదటి గడి 'కుటుంబ యజమాని పేరు'. ఆయన బెంగుళూరులో ఉంటే ఆమెను అడిగి ఆయన పేరే రాసుకున్నాం. నివేదికల్లో ఆమె పనిని 'సహకారం' అన్నాం. పొలం నడిపినవాళ్లను సహకరించారు అనడం నేను మానేశాను. ఫారంలో ఆ గడి తీసేయించడానికి మాత్రం నా తోటివాళ్లతో ఇంకా వాదిస్తూనే ఉన్నాను.

పెళ్లయ్యాక కొన్న ప్రతి పొలం పాసుపుస్తకంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. ఆమె సంతకం లేనిదే అమ్మకం, తాకట్టు చెల్లకూడదు. పాత పుస్తకాల్లో ఆమె పేరు చేర్చడానికి రిజిస్ట్రేషన్ ఖర్చు ఉండకూడదు. ఇలా అడిగితే సంసారాలు కూలిపోతాయంటున్నారు మన మగ మిత్రులు కొందరు. కుటుంబం కోసం ప్రాణం పెట్టేవాడి సంసారం ఒక సంతకానికి కూలిపోతుందా?

పోయిన నెల ఆ కోడలు మళ్లీ కనిపించింది. మిగిలిన ఎకరంలో తన పేరు చేర్చమని ఊరి రెవెన్యూ ఉద్యోగిని అడిగిందట. మీ ఆయన్ని తీసుకురా అన్నాడట. "సంక్రాంతికి వస్తాడు, అప్పుడు అడుగుతా" అంది. ఏమంటాడని అడిగాను. "ఏమో. ఇంతవరకు ఆయన్ని ఏమీ అడగలేదు గదా" అంది.