పట్టింది గాలి కాదు

పొద్దు వాలగానే పెద్దామె బట్టలు మూట కట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. "మా ఇంటికి పోతా" అంటుంది. ఏళ్ల తరబడి ఆమె కాపురం చేసిన ఇల్లే అది. అద్దంలో తన ముఖమే చూసుకుని "ఎవరో ముసలిది దూరింది, పొమ్మనండి" అని కేకలు వేస్తుంది. ఇక వీధిలో తీర్పు వచ్చేస్తుంది: గాలి సోకింది, లేదంటే ఎవరో ఏదో చేయించారు. వేపమండలు, సాంబ్రాణి పొగ, నిమ్మకాయలు, మెడలో తాయెత్తు... వరసగా అన్నీ వస్తాయి. డాక్టరు వంతు చిట్టచివర.

ఇది అల్జీమర్స్ అనే జబ్బు. ఆ పేరొచ్చి వందేళ్లు దాటింది. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ల స్త్రీ చేరింది. మతిమరుపు, భర్త మీద అనుమానం, ఉన్నట్టుండి కేకలు. ఆమె 1906లో చనిపోయాక అలాయిస్ అల్జీమర్ అనే వైద్యుడు ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. కణాల మధ్య పేరుకున్న గడ్డలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. మనం దయ్యానికి అంటగడుతున్న ప్రవర్తనకు మూలం అక్కడుంది. భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ఉంటుందని 2023లో వెలువడిన అంచనా. అందులో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్సే. ఇన్ని లక్షల మందికి చేతబడి చేయడానికి ఎంతమంది మంత్రగాళ్లు కావాలి?

సాయంత్రపు అలజడికీ కారణాలున్నాయి. పగలంతా పడ్డ అలసట, తగ్గే వెలుతురు, పెరిగే నీడలు, లోపల గాడి తప్పిన నిద్ర వేళలు కలిసి ఆ సమయానికి భయాన్ని పెంచుతాయి. చీకటి పడకముందే లైట్లు వేయడం, టీవీ సీరియల్ గోల తగ్గించడం, అద్దం మీద గుడ్డ కప్పడం వంటి పనులు చాలాసార్లు దాన్ని తగ్గిస్తాయి. భూతవైద్యుడు ఇవేవీ చెప్పడు. చెబితే అతనికి గిరాకీ ఉండదు.

అతను చేసే హాని డబ్బు దగ్గర ఆగదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో అల్జీమర్స్ ఉన్న 17 మందికి విషాద, సంతోష దృశ్యాలున్న సినిమా ముక్కలు చూపించారు. కాసేపటికే చూసినదాంట్లో చాలా భాగాన్ని వాళ్లు మరచిపోయారు. దానివల్ల కలిగిన బాధ, ఆనందం మాత్రం ఆ తర్వాత కూడా మిగిలాయి. ఇక వేపమండల దెబ్బల మాట ఆలోచించండి. కొట్టిన చెయ్యి ఎవరిదో ఆమెకు గుర్తుండదు. భయం మాత్రం ఉంటుంది. ఎందుకు భయపడుతోందో తనకే తెలియదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

మంత్రగాణ్ని తిట్టడం తేలిక. మర్యాదస్తుల ఇళ్లలో మూఢత్వానికి మంచి పేర్లుంటాయి. ఒకటి వాస్తు. "మంచం నైరుతికి మార్చండి, ఆ తలుపు మూసేయండి" అంటాడు సిద్ధాంతి. అలవాటైన దారే ఆసరాగా బాత్రూముకు వెళ్లగలుగుతున్న మనిషి ఆ రాత్రి గోడలు తడుముకుంటుంది. రెండోది వంతులు. కొడుకులు ముగ్గురుంటే నెలకొకరి ఇంట్లో తల్లి. ఆస్తిలాగే బాధ్యతనూ సమానంగా పంచుకున్నారని ఊరు మెచ్చుకుంటుంది. కొత్త చోటును గుర్తుపెట్టుకునే శక్తి పోయిన మనిషికి అది నెలనెలా వేసే శిక్ష. వంతులు పిల్లలకు ఉండాలి. వీలైనంతవరకు తల్లి ఒకేచోట ఉంటే, కొడుకులూ కూతుళ్లూ అక్కడికి వంతుల ప్రకారం రావాలి, ఖర్చు పంచుకోవాలి. మూడోది చుట్టాల పరీక్ష: "నేనెవరో చెప్పు పెద్దమ్మా?" జవాబు రాక ఆమె ముఖం చిన్నబోతుంది. "పెద్దమ్మా, నేను మీ సుబ్బారావు కొడుకుని" అని ముందే చెబితే పోయేదేముంది?

నాలుగోది కోడలి మీద నింద. "పొద్దుటినుంచి ముద్ద పెట్టలేదు" అని అత్తగారు అంటే ఇరుగుపొరుగు నమ్మేస్తారు. తిన్న సంగతి మరచిపోవడం ఈ జబ్బు లక్షణం. నిజంగా పెట్టడం లేదేమో చూడవలసిందే, విచారించకుండా తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం. రాత్రింబగళ్లు కాపలా ఉండే ఆ కోడలు కుంగిపోతే ఆ కుంగుబాటు మొదట తగిలేది రోగికే.

హేతువాదులమని చెప్పుకునే మనమూ ఒక పొరపాటు చేస్తాం. ప్రతి తప్పునూ సరిదిద్దడమే హేతుబద్ధత అనుకుంటాం. "నాన్నగారేరీ?" అని అడిగితే, "పోయి పదేళ్లయింది కదా" అంటాం. ఆమె ఆ మరణవార్త అప్పుడే వింటుంది, అప్పుడే ఏడుస్తుంది. రేపు మళ్లీ అడుగుతుంది. "నాన్నగారు గుర్తొచ్చారా? ఆయనకు ఏ కూర ఇష్టం?" అంటే అబద్ధమూ ఆడలేదు, గాయమూ చేయలేదు. రుజువును బట్టి నడుచుకోవడమే హేతువాదం. వాదించి గెలిస్తే రోగికి ఒరిగేదేమీ లేదని రుజువు రోజూ కళ్లముందే కనిపిస్తోంది.

అలాగని ఆమె దేవుడి గూటిని తీసేయమనను. రోజూ ఒకే వేళకు దీపం పెట్టడం, చిన్నప్పుడు నేర్చిన కీర్తన పాడుకోవడం ఆమెకు నెమ్మదినిస్తే అవి ఉండాలి. ఉపవాసాలు, జాగరణలు, తిరనాళ్ల తోపులాటలు వద్దు. ఏ ఆచారానికైనా ఒకటే పరీక్ష: దానివల్ల ఆమె అలజడి తగ్గిందా, పెరిగిందా?

ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి గందరగోళం ముదిరితే అది మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, కొత్త మందు ప్రభావమో కావచ్చు. థైరాయిడ్ లోపం, బీ12 లోపం కూడా మతిమరుపు తెస్తాయి. వీటికి చికిత్స ఉంది. అల్జీమర్స్‌ను నయం చేసే మందు మాత్రం ఇంతవరకు లేదు. జ్ఞాపకశక్తి తిరిగి తెప్పిస్తామనే లేహ్యాల ప్రకటనలు నమ్మకండి. తాయెత్తు, మంత్రం, కవచంతో జబ్బు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం నేరం.

కాబట్టి తాయెత్తుకు పెట్టే డబ్బుతో ముందు రక్తపరీక్ష చేయించండి. పరిహారాల కోసం తిరిగే సమయాన్ని ఆమె పక్కన కూర్చోవడానికి వాడండి.