ఉన్న ఊరి నేలకు ఒక ఆదివారం

"మీ సొంతూరు ఏది?" అని అడిగితే మన బడి పిల్లల్లో చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. పుట్టింది ఒకచోట, అక్షరాలు దిద్దింది ఇంకొకచోట, ఇప్పుడు చదువుతున్నది మరొకచోట. "ఎలాగూ రెండు మూడేళ్లలో వెళ్లిపోతాం, ఈ ఊరి సంగతి మనకెందుకు?" అనే మాట క్వార్టర్సులో తరచు వినిపిస్తుంది. ఆ మాట మేము ఒప్పుకోం. వెళ్లిపోయేవాళ్లం కాబట్టే ఉన్న ఊరి నేలను త్వరగా తెలుసుకోవాలి.

నాసిక్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ త్ర్యంబకేశ్వర్ వెళ్లాం. సుమారు 30 కిలోమీటర్ల దూరం. పులిహోర, పెరుగన్నం కట్టుకుని పొద్దున్నే బయలుదేరి బ్రహ్మగిరి కొండ ఎక్కాం. దారిలో కొన్ని మెట్లు కొండరాతిలోనే తొలిచినవి. చుట్టూ ఉన్న కొండలు కూడా మెట్లలాగే పొర మీద పొరగా కనిపిస్తాయి.

ఇదంతా లావా అని చెబితే మా అబ్బాయి, "మరి అగ్నిపర్వతం నోరేది?" అన్నాడు. ఇక్కడ అలాంటి ఒక్క నోరు లేదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం నేలలోని పొడవాటి పగుళ్ల నుంచి లావా పొంగి, పరుచుకుని, గట్టిపడింది. దాని మీద మళ్లీ మరో పొంగు. వీటినే దక్కన్ ట్రాప్స్ అంటారు. 'ట్రాప్' అనే పేరు మెట్టు అని అర్థమిచ్చే స్వీడిష్ మాట నుంచి వచ్చింది. ఆ నల్లరాయి నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉంది. అది అరిగి అరిగి, పత్తి పండే నల్లరేగడి నేల అయింది.

ఆ కొండ మీదే గోదావరి పుట్టింది. అక్కడ సన్నని ధార మాత్రమే. రాజమండ్రి వంతెన మీద రైల్లోంచి నదిని చూసిన పిల్లలకు నమ్మబుద్ధి కాదు. ఇంకో విశేషం ఉంది. రాజమండ్రి పక్కన కాతేరులోనూ, నదికి అవతల గౌరీపట్నంలోనూ ఇలాంటి నల్లరాయే ఉంది. పడమటి కనుమల వైపు నుంచి పాత నదీలోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు పారి వచ్చిన లావా అది అని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. మనకంటే ఎంతో ముందే బదిలీ అయి, వెళ్లిన చోటే నేలగా మారిపోయిందన్నమాట!

రాళ్లు చూస్తే స్నేహితులను వదిలి వచ్చిన దిగులు పోతుందని మేము చెప్పం. అది పోదు. కానీ మన ఊరికీ, కొత్త ఊరికీ ఉన్న చుట్టరికం తెలిస్తే పరాయితనం కొంత తగ్గుతుంది. పక్క బెంచీ పిల్లవాడితో మాట కలపడానికి ఒక విషయమూ దొరుకుతుంది.

పెద్దలకూ ఒక మనవి. సెలవులకు సొంతూరు వెళ్లడం అవసరమే. ఉన్న ఊరికీ ఒక రోజు కేటాయించండి. ఖర్చు బస్సు చార్జీలే.

పిల్లలూ, ఈసారి బదిలీ అయితే కొత్త ఊళ్లో మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడి రాయి ఏది? మట్టి రంగేమిటి? వాన నీళ్లు ఏ నదిలో కలుస్తాయి?