సూది భయాన్ని నవ్వులాట చేయకండి
బల్లిని చూస్తే, లిఫ్టు ఎక్కితే గుండె దడదడలాడేవాళ్లు సాధారణంగా స్పృహ తప్పరు. ఆ క్షణంలో రక్తపోటు పెరుగుతుంది. సూదికీ నెత్తురుకీ భయపడేవాళ్ల సంగతి వేరు. ముందు పెరిగిన రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి, కళ్లు తిరిగి నిజంగానే కూలబడతారు. ఇది పిరికితనం కాదు, చాలా కుటుంబాల్లో తరతరాలుగా కనిపించే శరీర లక్షణం. అయినా "ఇంత మనిషివి, చీమ కుట్టినట్టుంటుంది అంతే" అని నలుగురిలో నవ్వుతారు. ఆ నవ్వుకు జంకి షుగరు పరీక్షే మానేసేవాళ్లున్నారు. నాకు కోపం తెప్పించేది అదే. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలోనే ఒక ఉపాయం చూపించారు: చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను 10-15 సెకన్లు బిగించి, కాస్త వదిలి, మళ్లీ బిగించడం. దాంతో రక్తపోటు నిలబడుతుంది. సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి. మనిషిని పడుకోబెట్టి ఈ మాట చెప్పడానికి నర్సుకు నిమిషం చాలు.