ఈ వయసులో ఆపరేషనా అమ్మా?

ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్. టిఫిన్ తిన్నావా అని అడగలేదు, ఎప్పుడొస్తున్నావనీ అడగలేదు. "ఏమే, నేను బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నా" అంది.

నా నోట్లోంచి ఠక్కున వచ్చిన మాట, "ఈ వయసులోనా అమ్మా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అంది, "ఈ వయసు కాబట్టేనే. మేడెక్కి రెండేళ్లయింది. వడియాలు కూడా పక్కింటమ్మాయి చేత పెట్టించుకుంటున్నా."

అమ్మకి 61 ఏళ్లు. తెనాలిలో నాన్నతో ఉంటుంది. బరువు 104 కిలోలు. పన్నెండేళ్లుగా షుగరు, దాని వెనకాలే బీపీ, ఆ తర్వాత మోకాళ్లు. మోకాలి చిప్ప మార్పిస్తే సరిపోతుందనుకున్నాం. మోకాళ్ల డాక్టరేమో ముందు బరువు తగ్గి రండన్నారు. అమ్మ ప్రయత్నించని డైట్ లేదు. రాగి జావ, కీరా ముక్కలు, ఫోన్లో చూసిన ప్రతి చిట్కా. నాలుగు కిలోలు తగ్గేది, ఆరు పెరిగేది.

ప్రతివారం ఈ కాలమ్‌లో మీకు ఏదో ఒక సలహా చెప్పే నేను, మూడు నెలలుగా అమ్మ ఫైలు పట్టుకుని ఆమె వెనకాల తిరుగుతున్నా. ఈ వారం సలహాలు లేవు, అక్కడ నేర్చుకున్నవే.

ముందు లెక్క

బీఎంఐ అనే మాట వినే ఉంటారు. ఫోన్లో క్యాలిక్యులేటర్ తీయండి. బరువుని మీటర్లలో ఉన్న ఎత్తుతో భాగించండి, వచ్చినదాన్ని మళ్లీ అదే ఎత్తుతో భాగించండి. అమ్మ ఎత్తు 1.54 మీటర్లు. లెక్క దాదాపు 44 తేలింది.

అమెరికాలో 1991లో పెట్టుకున్న పాత నియమం ప్రకారం ఈ సర్జరీకి బీఎంఐ 40 దాటాలి. షుగరు లాంటి జబ్బులుంటే 35 చాలు. 2022లో అక్కడి బేరియాట్రిక్ సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి దాన్ని మార్చాయి. 35 దాటితే జబ్బులున్నా లేకపోయినా సర్జరీ మంచిదే అన్నాయి. ఆసియా వాళ్లకైతే 27.5 నుంచే ఆలోచించవచ్చని కూడా రాశాయి. మనకి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, షుగరూ తొందరగా వస్తుంది, అందుకని.

మరి వయసు? పైకి ఇంత అనే హద్దేమీ పెట్టలేదు. పుట్టిన సంవత్సరం కంటే ఒంట్లో ఉన్న సత్తువే చూడమన్నారు.

మా సర్జన్ కూడా అదే చూశారు. రిపోర్టులు పక్కన పెట్టి, "చేతులు ఆనించకుండా ఆ కుర్చీలోంచి లేవండమ్మా" అన్నారు. అమ్మ లేవబోయి కూలబడింది. రెండోసారి ఎలాగో లేచింది. అప్పటికే చెమటలు.

"బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుందమ్మా. మీ వయసులో పోయిన కండ తిరిగి రావడం కష్టం. మూడు నెలలు టైమిస్తున్నా. కాళ్లలో బలం తెచ్చుకుని రండి. ఇదే కుర్చీలోంచి ఐదుసార్లు లేచి చూపించండి, డేట్ ఇస్తా" అన్నారు.

ఆ రాత్రి హైదరాబాద్‌లో నా రూమ్‌లో అమ్మ నిద్రపోలేదు. మంచం పక్కనున్న కుర్చీకేసే చూస్తూ కూర్చుంది.

గురక అనుకున్నాం

ఈసీజీ, గుండె స్కానింగ్, ఎండోస్కోపీ, పొట్ట స్కానింగ్, థైరాయిడ్, బీ12, విటమిన్ డీ, ఎముకల బలం చూసే డెక్సా... లిస్టు పెద్దదే. వాటిల్లో మమ్మల్ని కదిలించింది నిద్ర పరీక్ష.

అమ్మ గురక భరించలేక నాన్న వేరే గదికి మారి ఆరేళ్లు. మాకు అదో జోకు. ఒక రాత్రి ఒంటికి వైర్లు తగిలించి పడుకోబెడితే తెలిసింది, అమ్మకి నిద్రలో ఊపిరి మళ్లీ మళ్లీ ఆగిపోతోంది. స్లీప్ ఆప్నియా, అదీ తీవ్రంగా. ఇది తెలియకుండా మత్తిస్తే ప్రమాదం. అందుకని ఆపరేషన్‌కి ముందే కొన్ని వారాలు సీపాప్ మెషీన్ పెట్టుకుని పడుకోమన్నారు. ముక్కుకి మాస్కు, దానికో గొట్టం. మొదటి రాత్రి చూసి నాన్న, "యుద్ధ విమానం నడిపేవాళ్లలా ఉన్నావే" అన్నారు. అమ్మ నవ్వలేదు.

రెండు వారాల తర్వాత తనే ఫోన్ చేసింది. "పొద్దున లేస్తే తలనొప్పి లేదే. ఎన్నేళ్లయిందో ఇలా లేచి."

ఊపిరితిత్తుల కోసం మూడు బంతులుండే ప్లాస్టిక్ డబ్బా కూడా ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. సాయంత్రం సీరియల్లో యాడ్స్ వచ్చినప్పుడల్లా అమ్మ బంతులు లేపేది.

ఆ నోట్‌బుక్

డైటీషియన్ అడిగింది, "రోజంతా ఏం తింటారమ్మా?"

"పెద్దగా ఏం తిననండీ. పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం కాస్త అన్నం, రాత్రి రెండు పుల్కాలు."

అబద్ధం కాదు. నేనైనా అదే చెప్పేదాన్ని. ఆవిడ నవ్వి, "కంచంలో పెట్టుకున్నది కాదమ్మా, నోట్లోకి వెళ్లిందంతా వారం రోజులు రాయండి. కూర్చుని తిన్నారా, నిలబడి తిన్నారా అది కూడా" అంది.

వారం తర్వాత ఆ నోట్‌బుక్ నేను చదివాను. సెలవులకి వచ్చిన మనవడు వదిలేసిన పెరుగన్నం, నిలబడి. ఆయన వద్దన్న అట్టు, నిలబడి. పాడైపోతుందని నిన్నటి పప్పు, నిలబడి. గిన్నెకంటుకున్న పులిహోర, గిన్నె తోముతూ.

వారం మొత్తంలో ఇంట్లో అందరితో పాటు కూర్చుని తిన్నది ఒక్కసారి. అది కూడా మధ్యలో రెండుసార్లు లేచి.

అమ్మ బరువంతా దీనివల్లే అని కాదు. ఒంటి తీరు, వంశం, హార్మోన్లు, కొన్ని షుగరు మందులు, కదలనివ్వని మోకాళ్లు, అన్నీ కలిసే బరువవుతాయి. కానీ ఆపరేషన్ తర్వాత ఈ అలవాటుతో బతకడం కుదరదు. స్లీవ్ సర్జరీలో జీర్ణాశయంలో ముప్పావు వంతు పైనే తీసేస్తారు. అరటిపండంత గొట్టం మిగులుతుంది. హడావుడిగా నాలుగు ముద్దలు మింగితే వాంతే.

అందుకే డైటీషియన్ రాసిచ్చిన మొదటి మందు: ఒక కంచం. అమ్మ కోసం విడిగా చిన్న కంచం. అందరితో పాటు కూర్చోవాలి. ముందు గుడ్డు, చేప, పప్పు, పనీర్ లాంటి ప్రొటీన్, తర్వాత కూర, చివర్న అన్నం. చిన్న ముద్ద, బాగా నమలాలి, ఇరవై నిమిషాలు పట్టాలి. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి.

మొదటి రోజు మా ఇంట్లో గందరగోళం. అమ్మ కూర్చుంది సరే, వడ్డించేదెవరు? నాన్న రెండుసార్లు అలవాటుగా "ఏమే, మజ్జిగ" అన్నారు. మూడోసారి లేచి వెళ్లి తనే తెచ్చుకున్నారు. వంటింట్లో మజ్జిగ గిన్నె ఎక్కడుంటుందో ఆయనకి ఆ రోజే తెలిసింది.

మేం చేసిన తప్పు

ఆపరేషన్‌కి రెండు వారాల ముందు ప్రత్యేక డైట్ ఉంటుంది. అన్నం, చక్కెర బాగా తగ్గించి ప్రొటీన్ మీద ఉండాలి. కొవ్వు పట్టిన లివర్ పెద్దదై జీర్ణాశయానికి అడ్డంగా ఉంటుంది. ఈ డైట్‌తో అది కాస్త కుంచించుకుపోతే సర్జన్‌కి దారి దొరుకుతుంది.

డైట్ పక్కాగా మొదలెట్టాం. షుగరు మాత్రలు మాత్రం పాత డోసులోనే వేసుకుంటోంది. తగ్గించాలని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మూడో రాత్రి అమ్మకి చెమటలు, వణుకు. మెషీన్‌లో చూస్తే 58. నాన్న గ్లూకోజ్ కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూశారు. గండం గడిచింది. పొద్దున డాక్టరుతో మాట్లాడితే డోసు మార్చారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి డైట్ మొదలైతే ముందే అడగండి. ఇంట్లో ఉన్న ప్రతి మందు స్ట్రిప్పూ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లి చూపించండి. రక్తం పలచబడే మందులు, కొన్ని రకాల షుగరు మాత్రలు ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే ఆపాలి. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి.

చుట్టాలకి ఏం చెప్పాలి?

"గాల్ బ్లాడర్ ఆపరేషన్ అని చెప్దాం" అంది అమ్మ. నాకు కోపమొచ్చింది. దాచడమెందుకు?

"మీ పిన్ని ఏమంటుందో తెలుసా? నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకుంది అంటుంది."

నిజమే, అంటుంది. మోకాలు అరిగితే పాపం అనే మనం, బరువు పెరిగితే మాత్రం బద్ధకం అంటాం. బరువు తగ్గేకొద్దీ ఒళ్లే ఆకలి పెంచి ఎదురు తిరుగుతుందని, దాని ముందు పట్టుదల ఒక్కటే చాలదని నాకూ ఈ మూడు నెలల్లోనే అర్థమైంది. "ఈ వయసులోనా" అన్నదాన్ని, పిన్నిని ఏమనగలను?

చివరికి అమ్మే తేల్చింది. "అడిగినవాళ్లకి నిజం చెప్తా. అడగనివాళ్లకి ఏమీ చెప్పను."

సర్జరీ మంత్రమేమీ కాదు. లీక్, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డలు లాంటి రిస్కులు తక్కువే అయినా ఉన్నాయి, వయసుతో కాస్త పెరుగుతాయి. స్లీవ్ తర్వాత ఛాతీలో మంట రావచ్చు. విటమిన్లు, కాల్షియం జీవితాంతం వాడాలి. అలవాట్లు మారకపోతే బరువు తిరిగొస్తుంది. 2025లో మన దేశానికొచ్చిన బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించీ డాక్టరు చెప్పారు. ఆపేస్తే బరువు మళ్లీ పెరగొచ్చని, ఖర్చు సాగుతూనే ఉంటుందని విని అమ్మ సర్జరీకే మొగ్గింది. ఆ నిర్ణయం తనది.

ఇన్సూరెన్స్ రాదులే అని నాన్న ముందే చేతులెత్తేశారు. వస్తుంది. ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం డాక్టరు సలహా మీద, బీఎంఐ 40 ఆ పైన ఉంటే ఈ సర్జరీని కవర్ చేయొచ్చు. 35 ఆ పైన ఉండి, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండె జబ్బు, అదుపులో లేని షుగరు లాంటివుంటే, మిగతా పద్ధతులు ఫలించకపోతే అప్పుడూ చేయొచ్చు. వెయిటింగ్ పీరియడ్ మాత్రం పాలసీని బట్టి మారుతుంది, ముందే చూసుకోండి.

పోయిన సోమవారం మళ్లీ అదే రూమ్, అదే కుర్చీ. అమ్మ చేతులు రెండూ గుండెల మీద కట్టుకుంది. ఒకటి. రెండు. మూడోదానికి కాళ్లు వణికాయి. నాలుగు. ఐదోసారి లేచి, కూర్చోమన్నా కూర్చోకుండా అలాగే నిలబడింది. ఈ మూడు నెలల్లోనే ఆరు కిలోలు తగ్గింది. వచ్చే గురువారం ఆపరేషన్.

నాకు భయంగానే ఉంది. అమ్మకీ ఉంది, నిన్న రాత్రి చెప్పింది. "వేసవికి మేడెక్కుతా, నువ్వు కూడా రా, వడియాల పిండి కలుపుదాం" అని కూడా చెప్పింది.

ఏమవుతుందో వచ్చేవారం రాస్తా. ఈలోగా మీరు ఇంట్లో ఉంటే ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఫోన్ పక్కన పెట్టి ఒకటి చూడండి. అమ్మ కంచం అందరి కంచాలతో పాటు పడుతోందా? లేకపోతే మీరే లేచి పెట్టండి.