టర్బో యాక్సెసరీ కాదు బ్రో!

గట్టు, గద్వాల వైపు ఉన్న నా దోస్తులు ఈ మధ్య ఫోన్ల కంటే కార్ల గురించే ఎక్కువ అడుగుతున్నారు. "అన్నా, మనోళ్ల బొలేరోకు టర్బో ఉంది గదా, నా స్విఫ్ట్‌కు గూడా పెట్టిస్తే ఏమైతది? సాఫ్ట్‌వేర్ సంగతి నువ్వు చూస్కో!" నా సమాధానం ఒక్కటే: వద్దు. టర్బో చెడ్డదని కాదు. టర్బో లేకుండా డిజైన్ చేసిన పెట్రోల్ ఇంజిన్‌కు దాన్ని బయటి నుంచి బిగించడం దండగ అంటున్నా.

టర్బో పని సింపుల్. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న టర్బైన్ తిరుగుతుంది. అదే షాఫ్ట్‌కు రెండో చివర ఉన్న కంప్రెసర్ గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపిస్తుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గట్టు ఎక్కువ పెట్రోల్, ఎక్కువ పవర్. స్విస్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఐడియా సూపర్, అందులో డౌట్ లేదు. మారుతి ఫ్రాంక్స్‌నే చూడండి. 1.2 లీటర్ మామూలు ఇంజిన్ టార్క్ 113 ఎన్ఎం. 1.0 లీటర్ టర్బోది దాదాపు 148 ఎన్ఎం. చిన్న ఇంజినే ఎక్కువ లాగుతుంది.

మరి తేడా ఎక్కడ కొడుతుంది? కంప్రెషన్ రేషియో దగ్గర. ఆ 1.2 ఇంజిన్‌లో అది 12:1. టర్బో పెట్రోల్ ఇంజిన్లలో కంపెనీలు సాధారణంగా దాన్ని ఇంతకంటే తగ్గించి పెడతాయి. ఎందుకంటే టర్బో ముందే నొక్కి పంపిన గాలిని పిస్టన్ మళ్లీ నొక్కుతుంది. ఒత్తిడి, వేడి హద్దు దాటితే స్పార్క్ మంట చేరకముందే పెట్రోల్ తనంతట తానే భగ్గుమంటుంది. అదే నాకింగ్. అలా కొనసాగితే పిస్టన్లు, రింగులు పోతాయి. బొలేరో, ట్రాక్టర్ల సంగతి వేరు. డీజిల్ ఇంజిన్ నొక్కేది గాలిని మాత్రమే, ఇంధనం చివర్లో వస్తుంది. అందుకే డీజిల్‌కు టర్బో అంత బాగా సెట్ అవుతుంది.

ఇప్పుడు మన ఎండలు కలపండి. బయట 40 డిగ్రీలు ఉన్న గాలిని 0.5 బార్ బూస్ట్‌తో నొక్కితే, కంప్రెసర్ ఎఫిషియెన్సీ 70 శాతం అనుకుంటే, బయటికొచ్చే గాలి దాదాపు 95 డిగ్రీలు ఉంటుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది కదా, ఇంటర్‌కూలర్ లేకపోతే ఒత్తిడి 50 శాతం పెరిగినా లోపలికి వెళ్లే గాలి పెరిగేది సుమారు 27 శాతమే. మిగతాదంతా ఇంజిన్ మోయాల్సిన వేడి. మే నెలలో గేమ్ ఆడితే ఫోన్ వేడెక్కి స్లో అయిపోవడం మనకు తెలుసు. అక్కడ ప్రాసెసర్‌ను కాపాడేందుకు ముందే రాసిపెట్టిన కోడ్ ఉంది. ఇక్కడ?

సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి ఈ పాయింట్ నొక్కి చెప్తా. టర్బో లేని చాలా కార్లలో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ బయటి వాతావరణ ఒత్తిడి వరకే కొలవగలదు. బూస్ట్ మొదలయ్యాక రీడింగ్ అక్కడే ఆగిపోతుంది. ఎంత గాలి వస్తోందో ఈసీయూకు తెలియనప్పుడు ఎంత పెట్రోల్ కొట్టాలో ఎలా తెలుస్తుంది? నాక్ సెన్సర్ స్పార్క్‌ను కొంత వెనక్కి జరుపుతుంది కానీ, అదీ కంపెనీ ఊహించిన హద్దుల్లోనే. కాబట్టి ఉత్త రీమ్యాప్‌తో పని కాదు. సెన్సర్, ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంప్, ఇంటర్‌కూలర్, క్లచ్ అన్నీ మారాలి. కంప్రెషన్ తగ్గించాలంటే ఇంజిన్ విప్పాలి. డైనో మీద గంటలకొద్దీ ట్యూనింగ్ చేయాలి.

కంపెనీలు ఏం చేశాయో చూడండి. 2018లో టాటా, కోయంబత్తూరు జయెమ్ కలిసి టియాగో జేటీపీ తెచ్చాయి. టియాగోలో ఉన్న మామూలు ఇంజిన్‌కు టర్బో తగిలించలేదు. నెక్సాన్ టర్బో ఇంజిన్‌ను తీసుకుని 114 పీఎస్‌కు ట్యూన్ చేశాయి. గేర్ రేషియోలు, సస్పెన్షన్, టైర్లు కూడా మార్చాయి. ఫ్యాక్టరీ చేతిలో ఉన్నవాళ్లే షార్ట్‌కట్ వెతకలేదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అప్రూవల్ ఉన్న సీఎన్‌జీ కిట్ లాంటివి వేరు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల ఫైన్, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపడానికి అదొక్కటి చాలు. మన దగ్గర చాలా ఇళ్లలో ఉండేది ఒకటే కారు. సీడ్ పత్తి చేనుకు అదే, అర్ధరాత్రి కర్నూలు ఆస్పత్రికీ అదే. దాన్ని ఎక్స్‌పెరిమెంట్‌గా మార్చడం ఇంట్లోవాళ్లకు అన్యాయం.

పక్కన రెండో కారు ఉండి, పిస్టన్లతో సహా ఇంజిన్ కొత్తగా కట్టించి, ట్రాక్ మీదే నడుపుతానంటే అది హాబీ. హ్యాపీగా చేయండి. రోజూ నడిపే కారులో టర్బో కిక్ కావాలంటే మాత్రం ఉన్నది అమ్మేసి, సర్వీస్ రికార్డు సరిగ్గా ఉన్న సెకండ్ హ్యాండ్ ఫ్యాక్టరీ టర్బో కొనండి. బలేనో ఆర్ఎస్, పోలో టీఎస్ఐ, నెక్సాన్ పెట్రోల్ లాంటివి. అంత బడ్జెట్ లేదా? మంచి టైర్లు, కొత్త బ్రేక్ ప్యాడ్లు వేయించండి. ఎర్రవల్లి దగ్గర 44వ నంబర్ హైవే ఎక్కాక ముందు కావాల్సింది అవే.