సిమ్ తండ్రిది, వేలు పిల్లాడిది



2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే కంపెనీలు తల్లి లేదా తండ్రి అనుమతి తీసుకోవాలి. మాట మంచిదే. కానీ మన భివండీలో, పూర్ణలో సంగతి ఏమిటి? తండ్రి రాత్రి పాళీలో సాంచాల దగ్గర ఉంటాడు. సిమ్ ఆయన పేరున, ఫోన్ పిల్లాడి చేతిలో. ఓటీపీ చూసేదీ వాడే, ఒప్పుకున్నానని నొక్కేదీ వాడే. రేపు ఏదైనా జరిగితే "తండ్రి ఒప్పుకున్నాడుగా" అంటారు!

రైల్వే కౌంటర్లో నేను టికెట్ డబ్బు తక్కువ తీసుకుంటే ఆ తేడా నా జీతంలోనే కోసేవారు. తప్పు చేసినవాడే కట్టాలి. ఈ చట్టంలో 200 కోట్ల దాకా జరిమానా రాసి ఉంది. ఓటీపీ చూపించి దాన్ని తప్పించుకోనివ్వకూడదు.

నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆలోపే సంఘం తరఫున ఐటీ శాఖకు రాద్దాం: ఓటీపీ ఒక్కటే తండ్రి అనుమతి కాదని.